ఎవరి ఒంటికి ఏ మాత్ర?

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో సెలవులకు వస్తే బాదంపప్పు, చాక్లెట్లతోపాటు సూట్‌కేసులో మల్టీవిటమిన్ డబ్బా కూడా దిగుతుంది. ‘రోజుకొకటి వేసుకో అమ్మా, బలం’ అంటారు. అదే డబ్బాలోంచి నాన్నకొకటి, మేనత్తకొకటి. ఆ ప్రేమకు వంక పెట్టలేం. కానీ ముగ్గురి ఒళ్లూ ఒక్కటి కాదే! అమ్మ థైరాయిడ్ మాత్ర వాడుతోంది. నాన్న ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. అత్తయ్యకు గుండెలో వాల్వు మార్చారు, రక్తం పలచబడే మందు మీద ఉంది.

అమ్మ సంగతి చూడండి. పరగడుపున వేసుకున్న థైరాయిడ్ మాత్రను ఐరన్, కాల్షియం పేగులోనే పట్టేసుకుంటాయి. అందుకే నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఆ మాట ఎవరూ చెప్పకపోతే మందు ఒంటపట్టదు, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డాక్టరు డోసు పెంచుతారు. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడితే థైరాయిడ్ పరీక్ష ఫలితమే తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి ల్యాబ్‌లో, డాక్టరుకు చెప్పి తీరాలి.

నాన్నకు అరికాళ్లు తిమ్మిర్లు. ‘షుగరు కదా, మామూలే’ అని ఊరుకుంటారు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగేవారిలోనూ అంతే. శాకాహారి అయితే ముప్పు ఇంకా ఎక్కువ. బి12 ప్రధానంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. బి12 తక్కువైనప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎందరో తల్లులనూ బిడ్డలనూ కాపాడిన అంత గొప్ప మందు కూడా ఎవరికి, దేనికి అన్నది తెలిసి వాడితేనే మేలు.

అత్తయ్య సంగతికొస్తే, ఆ డబ్బాలో విటమిన్-కె ఉందేమో చూడాలి. ఉంటే ఆమె వాడే వార్ఫరిన్ లాంటి మందు పట్టు తగ్గుతుంది. ఆకుకూరలు మానాల్సిన పని లేదు. రోజూ దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు, డాక్టరు మందును దానికి తగ్గట్టు సర్దుతారు.

మనిషిని బట్టి పోషణ అన్న మాట ఇవాళ యాప్‌లు కొత్తగా అమ్ముతున్నాయి గానీ, మన గడ్డమీద ఇది పాత విద్యే. ఉదాహరణకు, ఒకప్పుడు తెలంగాణలో జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొట్టు లేచేది, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం. హైదరాబాద్‌లో పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త సి.గోపాలన్ తన సహచరుడితో కలిసి 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో దీనికొక కారణం సూచించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, ఒంట్లో నియాసిన్ అనే బి విటమిన్ వ్యవహారాన్ని దెబ్బతీస్తోందని ప్రతిపాదించారు. పప్పు, కూర, పెరుగు నంజుకుని జొన్నరొట్టె తినేవారికి ఆ భయం లేదు. పళ్లెంలో దాని పక్కన ఏముందన్నదే లెక్క.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మందిని పరిశీలించి, ఒకే తిండికి ఒక్కొక్కరి చక్కెర ఒక్కోలా పెరుగుతుందని చూపింది. కవలల్లోనూ తేడాలున్నాయని 2020లో బ్రిటన్ పరిశోధకులు చెప్పారు. నిజమే. కానీ అవి తిన్న తర్వాత కొన్ని గంటల లెక్కలు. వాటిని పట్టుకుని షుగరు లేనివారు కూడా చేతికి చక్కెర కొలిచే సెన్సర్ తగిలించుకుని ఇడ్లీకి భయపడటం నాకు బాధగా ఉంటుంది.

ఎక్కువైతే మేలే కదా అనుకునేవారికి ఫిన్లాండ్ అనుభవం తెలియాలి. 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. క్యారెట్‌లో ఉన్నదే, మాత్రగా మారి పొగతాగేవారికి చేటు తెచ్చింది.

మన మందుల షాపుల్లో దొరికే విటమిన్-డి పొడి ప్యాకెట్‌నే తీసుకోండి. ఒక్కోదానిలో 60 వేల యూనిట్లు. లోపం ఉన్నవారికి సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు. చీటీ సరిగా చదవక రోజూ పాలల్లో కలుపుకు తాగితే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు, నీరసం, చివరకు కిడ్నీలు దెబ్బతినడం దాకా పోతుంది.

అలాగని మాత్రలన్నీ దండగ అనను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వారిలో చాలామందికి ఐరన్ మాత్ర కావాలి, మాత్రతోపాటు నిమ్మకాయ పిండిన తోటకూర పప్పూ కావాలి. భోజనం కాగానే టీ తాగే అలవాటును గంటసేపు వాయిదా వేస్తే ఆ ఇనుము ఒంటపడుతుంది. తలసీమియా లక్షణం ఉన్నవారు మాత్రం పరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టకూడదు. ఇక కండలకోసం ప్రొటీన్ పొడులు కొంటున్న కుర్రాళ్లకు మన జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూటిగానే చెప్పింది, అవి వద్దని.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు, పొడి ప్యాకెట్లు, ఆయుర్వేద చూర్ణాలతో సహా ఒక సంచిలో వేసుకెళ్లండి. బల్లమీద పరిచి, వీటిలో నాకేది అక్కర్లేదని అడగండి.