దాత రక్తనాళాలను ఎలా భద్రపరుస్తారు?

కాలేయ మార్పిడి ఆపరేషన్‌లో కొన్నిసార్లు రోగి రక్తనాళం పొట్టిగా ఉంటుంది, లేదా రక్తం గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు దాత రక్తనాళపు ముక్కను అతికి, కొత్త కాలేయానికి రక్తం అందిస్తారు. అందుకే బ్రెయిన్‌డెడ్ అయిన దాత నుండి అవయవాలతోపాటు పొత్తికడుపులోని రక్తనాళాలను కూడా తీసి, శుద్ధమైన ద్రావణంలో ముంచి, సుమారు 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచుతారు. ఇలా కొద్ది రోజులే నిలుస్తాయి. ఎక్కువకాలం దాచాలంటే మంచు వల్ల కణాలు చెడకుండా రక్షక మందు కలిపి, మెల్లగా చల్లబరచి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో పెట్టాలి. దాత బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల ఫలితాలు ముందుగా చూస్తారు.

మీ ఆప్తుని విషయంలో డాక్టరుగారు సమ్మతి కోరితే, "రక్తనాళాలు కూడా తీస్తారా?" అని సంకోచించక అడగండి. తెలుసుకున్న తరువాతే సంతకం చేయండి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం క్రిందికి 2011 సవరణతో కణజాలాలు కూడా వచ్చాయి. దేహం పాడవుతుందని భయపడవద్దు. కోతను కుట్టి, దేహాన్ని గౌరవంగా మీకు అప్పగిస్తారు. ప్రభువు మీ దుఃఖంలో మిమ్మును ఆదరించును గాక.