ఫోనులో బేరం సులువే... పార్సిలుతోనే చిక్కు
పూతరేకుల ఆన్‌లైన్ అమ్మకంలో లెక్క తప్పితే శ్రమంతా వృథా

ఆత్రేయపురం: బోర్లించిన కుండ కింద కొబ్బరి ఆకుల మంట. పలుచగా కలిపిన బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆ కుండమీద ఒక్కసారి పరిచి తీస్తే, రెప్పపాటులో కాగితంకంటె పలుచని రేకు లేచి వస్తుంది. కోనసీమలోని ఆత్రేయపురంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను ఈ పని ఎక్కువగా స్త్రీల చేతిమీదనే సాగుతున్నది. నెయ్యి రాసి, పంచదార పొడియో బెల్లం పొడియో చల్లి మడిచే ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది.

ఒకప్పుడు ఈ సరుకు రోడ్డు పక్క దుకాణాలకో, పెళ్లివారి ఇళ్లకో చేరేది. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫొటో పెడితే హైదరాబాదు, బెంగుళూరుల నుంచి కూడ ఆర్డర్లు వస్తున్నాయి. మధ్యలో దుకాణదారు లేకుండా తినేవారికే నేరుగా అమ్ముకోవచ్చునన్న ఆశతో ఇంటిపట్టున ఆన్‌లైన్ వ్యాపారం మొదలుపెట్టేవారున్నారు. అయితే మొదటి ఆర్డరు సంపాదించడంకంటె, ఆ సరుకును విరగకుండా చేర్చి చేతిలో నాలుగు డబ్బులు మిగుల్చుకోవడమే అసలు కష్టం.

తూకం ఒకటి, కిరాయి మరొకటి

పూతరేకు తేలికైన సరుకు. కనుక పార్సిలు ఖర్చు తక్కువే అవుతుందని కొత్తవారు అనుకుంటారు. అక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. కొరియరు కంపెనీలు పెట్టె బరువునే కాక, అది ఆక్రమించే చోటును కూడ లెక్కగడతాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చినది కిలోల లెక్క. అసలు బరువు, ఈ లెక్క బరువు - రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వసూలు చేస్తారు.

ఉదాహరణకు 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 16 ఎత్తు గల పెట్టె తీసుకుందాం. గుణిస్తే 12,000. 5000తో భాగిస్తే 2.4 కిలోలు. లోపల ఉన్నవి అరకిలో పూతరేకులే అయినా రెండున్నర కిలోలకు దగ్గరగా కిరాయి పడుతుంది. అదే పెట్టెను 25, 20, 10 సెంటీమీటర్లకు కుదించగలిగితే లెక్క ఒక కిలోకు దిగుతుంది. కాబట్టి ధర నిర్ణయించక ముందే పెట్టె కొలత నిర్ణయించుకోవాలి. అట్లని మరీ ఇరుకు పెట్టెలో కుక్కితే రేకులు నలిగి పొడి అవుతాయి. ఒకటి రెండు కొలతల పెట్టెలలో సరుకు పెట్టి, దూరాన ఉన్న బంధువులకు ముందుగా పంపి, ఎట్లా చేరిందో కనుక్కున్న తర్వాతనే అమ్మకానికి దిగడం మేలు.

ఇరవైలో ఒకటి విరిగితే

లాభం ఎంత పలుచగా ఉంటుందో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక పెట్టెను 300 రూపాయలకు అమ్మారనుకుందాం. బియ్యం, నెయ్యి, పంచదార, కూలి కలిపి 170, పెట్టెకు, కట్టుబడికి 25, కొరియరుకు 90. మొత్తం 285 రూపాయలు. మిగిలేది 15. ఇరవై పెట్టెలు అమ్మితే 300 రూపాయల లాభం కనిపిస్తుంది. ఆ ఇరవైలో ఒక్క పెట్టె దారిలో విరిగి, దాని బదులు మరొకటి పంపవలసి వస్తే 285 రూపాయలు పోయినట్లే. ఇరవై పెట్టెల కష్టానికి చేతిలో మిగిలేది 15 రూపాయలు.

ఇది సొంతంగా ఫోనుమీద అమ్మినప్పటి సంగతి. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మితే వాటి కమీషను కూడ ఇందులోంచే పోతుంది. పైగా పైకం ఆ పూటే రాదు, కొన్ని రోజులు పడుతుంది. నెయ్యి కొట్టువాడు మాత్రం అంతవరకు ఆగడు. అందువల్ల చేతిలో పెట్టుబడి కొంత ఉంచుకోకుండా దిగినవారు ఆర్డర్లు ఉండీ ఆగిపోవలసి వస్తుంది. విరిగిపోయే వాటికి ముందుగానే ధరలో కొంత కలుపుకోవడం అత్యాశ కాదు, అవసరం.

పెట్టె మీద రాయవలసినవి

తినే వస్తువు ఇంటిలో చేసినా, అమ్మకానికి పెట్టినప్పుడు ఆహార భద్రతా చట్టం కింద నమోదు తప్పనిసరి. చిన్న వ్యాపారానికి నమోదు, పెద్దదానికి లైసెన్సు ఉంటాయి. అప్పుడిచ్చే 14 అంకెల నంబరును పెట్టెమీద ముద్రించాలి. దానితోపాటు సరుకు పేరు, అందులో కలిపిన పదార్థాలు, నికర తూకం, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలన్నది, గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. ఫొటోలో నిండుగా జీడిపప్పు చూపించి, పెట్టెలో నాలుగు పలుకులు వేస్తే ఆ కొనుగోలుదారు మళ్లీ రాడు. సంతలో పలికిన మాట ఆ పూటతో పోతుంది. ఫోనులో రాసిన ఫిర్యాదు ఏళ్ల తరబడి అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

హైదరాబాదు పొరుగు రాష్ట్రమే

చాలామంది గమనించని చిక్కు మరొకటి ఉన్నది. కోనసీమవారి పిల్లలు ఎందరో హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆర్డర్లు కూడ అక్కడినుంచే వస్తాయి. 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు వేరే రాష్ట్రం. పిల్లలకు పంపుకుంటే పేచీ లేదు. అమ్మితే మాత్రం అది రాష్ట్రాంతర వ్యాపారం అవుతుంది. పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారు, వ్యాపారం ఎంత చిన్నదైనా, జీఎస్‌టీ నమోదు చేయించుకోవాలి.

రాష్ట్రంలోపల అమ్మేవారికి కొంత వెసులుబాటు ఉన్నది. పరిమితికి లోపు వ్యాపారం గలవారు 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్‌టీ నమోదు లేకుండానే, ఒక గుర్తింపు సంఖ్య తీసుకుని, సొంత రాష్ట్రం వరకు ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్ముకోవచ్చు. జీఎస్‌టీ నమోదుకు ప్రభుత్వ రుసుము లేదు. కాని ఆ తర్వాత అమ్మకం ఉన్నా లేకున్నా గడువు ప్రకారం లెక్కలు దాఖలు చేస్తుండాలి. మానితే జరిమానా పడుతుంది. అందుచేత మొదట విజయవాడ, విశాఖపట్నం, రాజమహేంద్రవరం వంటి చోట్ల అలవాటు పడి, తర్వాత రాష్ట్రం దాటడం కొత్తవారికి క్షేమం.

ఊరి పేరుకు కాపలా

ఎక్కడో చేసిన రేకులను ఆత్రేయపురం పేరుతో అమ్మేవారు ఆన్‌లైన్‌లో ఎదురైతే అసలు తయారీదారుకు దెబ్బే. భౌగోళిక గుర్తింపు ఇందుకు ఆయుధం. అయితే అది ఊరికి వచ్చినంత మాత్రాన ప్రతి ఇంటికీ వచ్చినట్లు కాదు. ఆ పేరును హక్కుగా వాడుకోవడానికి ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు కావలసి ఉంటుంది. తయారీదారుల సంఘం ద్వారా ఈ పని చేయించుకుంటే, పక్క అంగడివాడితో ధరలో పోటీపడవలసిన అగత్యం కొంత తగ్గుతుంది.

పైకం వచ్చిందా, బొమ్మ వచ్చిందా

మోసగాళ్ల బెడద వేరుగా ఉన్నది. పెద్ద ఉద్యోగినని చెప్పి ఒకేసారి వంద పెట్టెలు కావాలంటాడు. బయానా పంపుతున్నానని చెప్పి ఒక క్యూఆర్ కోడ్ పంపుతాడు. దాన్ని స్కాన్ చేసి పిన్ నొక్కమంటాడు. నొక్కితే ఖాతాలో సొమ్ము వాడికి పోతుంది. పైకం తీసుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు, ఇవ్వడానికే కావాలి. ఈ ఒక్క ముక్క ఇంట్లో ఫోను పట్టుకునే ప్రతివారికీ తెలిసి ఉండాలి. డబ్బు పంపినట్లు బొమ్మ తీసి పంపించేవారూ ఉంటారు. ఖాతాలో జమ అయినదీ లేనిదీ స్వయంగా చూసుకోనిదే పార్సిలు కదపరాదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

చేతులెన్నో ఆర్డర్లన్నే

దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల ముహూర్తాలకు ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఫోనుకు అలుపు ఉండదు. పొయ్యిముందు కూర్చున్న మనిషికి ఉంటుంది. రేకు తీసే నేర్పు నాలుగు రోజులలో అబ్బేది కాదు గనుక అప్పటికప్పుడు కొత్తవారిని పెట్టుకోవడం కుదరదు. ముసురు రోజులలో చెమ్మకు రేకు మెత్తబడుతుంది. రోజుకు ఎన్ని పెట్టెలు తయారవుతాయో లెక్క చూసుకుని, ఆ పైన వచ్చిన ఆర్డరుకు "సరుకు లేదు, ఫలానా తేదీకి పంపుతాం" అని చెప్పడమే మంచిది. ఒప్పుకుని ఆలస్యం చేసినదానికంటె ముందే చెప్పినదానికి కొనేవారు సర్దుకుపోతారు.

నలుగురైదుగురు తయారీదారులు కలిసి ఒకే కొలత పెట్టెలు మొత్తంగా చేయించుకుంటే పెట్టె ఖరీదు తగ్గుతుంది. పార్సిళ్లన్నీ ఒకేచోటినుంచి పంపితే కొరియరువారితో కిరాయి బేరమాడవచ్చు. జీఎస్‌టీ లెక్కలు చూసే మనిషికి ఇచ్చే జీతం కూడ తలా ఇంత పంచుకోవచ్చు. పెట్టెకు ఐదు రూపాయలు ఆదా అయినా, పదిహేను రూపాయలు మిగిలేచోట ఇరవై మిగులుతుంది.