మీకు తెలుసా? వందకు ఒక్కటి తక్కువ!

తొలి టెస్టులోనూ, చివరి టెస్టులోనూ సెంచరీ కొట్టిన మన హైదరాబాదీ మహమ్మద్ అజారుద్దీన్ కెరీర్ 99 టెస్టుల దగ్గరే ఆగిపోయింది.

1984 డిసెంబరు 31న కోల్‌కతాలో ఇంగ్లండ్‌పై మొదలైన టెస్టులో 110. ఆ తర్వాతి రెండు టెస్టుల్లోనూ శతకాలే. చివరిది 2000 మార్చిలో, బెంగళూరులో దక్షిణాఫ్రికాపై 102. అవతలి జట్టు కెప్టెన్ ఎవరనుకున్నారు? హాన్సీ క్రోన్యే! నెల తిరిగిందో లేదో ఢిల్లీ పోలీసులు అతని ఫిక్సింగ్ గుట్టు బయటపెట్టారు. తనకు బుకీని పరిచయం చేసింది అజారుద్దీనేనని క్రోన్యే విచారణలో చెప్పాడు. అజార్ ఆరోపణలను ఖండించాడు. అయినా సీబీఐ నివేదిక వచ్చాక, ఆ డిసెంబరులోనే బీసీసీఐ అతనిపై జీవితకాల నిషేధం వేసింది.

అదే వ్యవహారంలో అజయ్ జడేజాకు పడింది ఐదేళ్లు. 2003లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేయడంతో అతను మళ్లీ రంజీ ఆడగలిగాడు. అజార్‌కు ఆ అదృష్టం లేదు. నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది 2012 నవంబరులో. అప్పటికి అతనికి 49 ఏళ్లు!

2019లో అజార్ హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.