వెనుదిరిగిన అడుగు

మన గద్వాలలో మెన్నోనైట్ శాఖకు చెందిన క్రైస్తవులున్నారు. శత్రువును ప్రేమించమన్న క్రీస్తు బోధను అక్షరాలా ఆచరించాలని 16వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన సంప్రదాయమది. ఆయుధం పట్టరాదు, ప్రమాణం చేయరాదు. ఆ మార్గీయుడైన డిర్క్ విల్లెమ్స్ 1569లో నెదర్లాండ్స్‌లో చెర తప్పించుకొని, గడ్డకట్టిన నీటిపై పరుగెత్తాడు. వెంటాడిన వాడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనుదిరిగి రక్షించాడు. ఫలితంగా పట్టుబడి సజీవదహనానికి గురయ్యాడు.

గీత పన్నెండవ అధ్యాయంలో భగవానుడు తనకు ప్రియమైన భక్తుని లక్షణాలు చెబుతూ, ఏ ప్రాణినీ ద్వేషించకపోవడాన్నే మొదట పేర్కొన్నాడు. మీరూ పారాయణ చేసేవారే. నేను నలభై ఏళ్లుగా చేస్తున్నాను. అయినా పొలం గట్టు తగాదాతో ఒక దాయాదితో మాట మానుకున్నాను. స్వామి సన్నిధిలో తీర్థానికి ఆయన చేయి చాచినప్పుడు నా ఉద్ధరిణి క్షణకాలం ఆగుతుంది. మొన్న శనివారమూ ఆగింది.