ఫిజీలో మనవాళ్లు: అపోహలు – వాస్తవాలు

చేబ్రోలు, తెనాలి, రేపల్లె వైపు ఫిజీ మాట వస్తే చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: మనవాళ్లు బాగుపడితే ఓర్వలేక అక్కడి జనం తరిమేశారని. అందులో నిజం కన్నా అపోహే ఎక్కువ.

అపోహ: 1987లో స్థానికులు భారతీయుల ప్రభుత్వాన్ని కూల్చారు.

వాస్తవం: ఆ ప్రభుత్వానికి ప్రధాని తిమోథి బవద్ర. ఆయన స్థానికుడే, వృత్తిరీత్యా డాక్టరు. ఆ ఏడాది ఎన్నికల్లో గెలిచిన కూటమిలో భారతీయ సభ్యులు ఎక్కువన్నది నిజం. అయితే ఆ ఎన్నికల్లో ఓడింది 1970లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి పాలిస్తున్న పార్టీ. నెల తిరిగేసరికి, మే 14న, లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబుకా ముసుగు సైనికులతో పార్లమెంటులో జొరబడి ప్రభుత్వాన్నే పట్టుకుపోయాడు. 1879లో భారతదేశం నుంచి తొలి కూలీల ఓడ లియోనిదాస్ ఫిజీ చేరిందీ మే 14నే. 2000లో తిరుగుబాటుదారులు భారతీయ సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా ఉంచినప్పుడూ జాతి పేరే చెప్పారు. మరి 2006లో? కూల్చిన సైన్యాధిపతి బైనిమరామా, కూలిన ప్రధాని గరాసే ఇద్దరూ స్థానికులే. గద్దె కోసం జరిగిన పోరుకు జాతి రంగు పూశారనే నేనంటాను. రబుకాయే మళ్లీ ప్రధాని అయ్యాక, 2023 మేలో, భారతీయ సంతతికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

అపోహ: భారతీయులు అక్కడి భూములు కాజేశారు.

వాస్తవం: కాజేయడానికి వీలే లేదు. ఐదింట నాలుగు వంతులకు పైగా భూమి స్థానిక వంశాలదే. దాన్ని అమ్మడానికి వీల్లేదు. మనవాళ్లు కౌలుదార్లు. ముప్పై ఏళ్ల కౌళ్లు 1997 నుంచి తీరిపోతుంటే, తరాలుగా చెరకు పండించిన కుటుంబాలు ఇల్లూ చేనూ వదిలి బయటికి నడిచాయి. కౌలు సేద్యం ఎంత నిలకడలేనిదో మన డెల్టా రైతుకు వేరే చెప్పాలా!

అపోహ: స్థానికులు బద్ధకస్తులు గనకే కూలీలను తెచ్చారు.

వాస్తవం: ఇది మన వైపు నుంచి పుట్టిన నింద, మనమే మానుకోవాలి. 1875లో తట్టు సోకి దాదాపు 40 వేలమంది స్థానికులు చనిపోయారు. మిగిలినవాళ్లను తోటపనికి లాగితే పల్లెలు చితికిపోతాయని గవర్నర్ ఆర్థర్ గోర్డాన్ అడ్డుపడ్డాడు. తోటల యజమానులకు చవక కూలీలు కావాలి. ఆ బరువు మన మీద పడింది.

అపోహ: వెళ్లినవాళ్లంతా ఉత్తరాదివాళ్లే.

వాస్తవం: 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కారు. మొత్తం 60 వేల పైచిలుకు కూలీల్లో దక్షిణాదివాళ్లు సుమారు పావు వంతు. అక్కడ తెలుగువాళ్లకు, తమిళులకు కలిపి ‘మద్రాసీ’ అనే పేరు పడింది. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. కూలీల వలస పాసుల్లో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు రాసేవారు. పూర్వీకుల జాడ వెతికే మన ప్రాంతంవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడింది 1904లో. అంతకుముందు ఓడెక్కినవాళ్లను కృష్ణా జిల్లా కింద చూడాలి.