గడప దాటిన చెత్త

తెలుగు ఇండ్లలో సంధ్యాదీపము వెలిగించిన తరువాత ఊడ్చిన చెత్తను బయట పారవేయు ఆచారము లేదు. ఇల్లు ఆ వేళకు ముందే ఊడ్చుకొనవలయును. తప్పనిసరియై తరువాత ఊడ్చినచో చెత్తను తలుపు మూలకు చేర్చి, తెల్లవారిన పిమ్మటనే ఎత్తిపోయవలయును. చీకటివేళ చెత్తతోపాటు లక్ష్మి కూడ వెడలిపోవునని పెద్దలు చెప్పుదురు. నూనెదీపపు మసక వెలుతురులో ముక్కుపుడకయో, చెవిపోగు శీలయో జారిపడినచో ఊడ్పులో కలిసిపోవును గనుక ఈ నియమము పుట్టినదని కొందరి ఊహ. కారణమేదైనను, పారవేయుటకు పూర్వము చెత్తను ఒక్కమారు కంటితో చూడవలెనను బుద్ధి ఆ ఆచారములో ఉన్నది.

పల్లెలలో చెత్తకు యజమాని ఉండెడివాడు. దానిని ఒకచోట కసవు అనిరి, ఒకచోట తుక్కు అనిరి, మరియొకచోట పెంట అనిరి. పేరు ఏదైనను అది ఒక ఇంటి సొత్తు. పెరటిలోనో, ఊరి వెలుపలి దిబ్బమీదనో ప్రతి కాపు తన పెంటకుప్పను పెంచుకొనెడివాడు. పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలోని బూడిద, కూరల తొక్కులు, తిన్న విస్తరాకులు, ఇవన్నియు అందు చేరి, ఏడాది తిరుగునప్పటికి నల్లని ఎరువై, ఏరువాకకు ముందు బండ్లకెక్కి పొలమునకు పోయెడివి. ఎరువును బండ్ల లెక్కన అమ్మెడివారు, కొనెడివారు. కుప్పలో గాజుపెంకు పడినచో అది రేపు తన పొలములోనే తన కాలికే గ్రుచ్చుకొనునని కాపు ఎరుగును. ఆ సంగతిని అతనికి ఏ బడిలోను చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయెను.

పట్టణమునకు వచ్చుసరికి ఈ బంధము తెగినది. పెరడు లేదు, పశువు లేదు, పొలము లేదు. వీధి మొగలో పురపాలక సంఘమువారి కుండీ ఉన్నది. మొదట అది గుండ్రని సిమెంటు తొట్టి, తరువాత ఇనుప పెట్టె, ఆపైన చక్రములు గల ప్లాస్టిక్ డబ్బా. రూపము మారినను జనులకు దానితో గల సంబంధము మారలేదు. గడప లోపల ఉన్నంతసేపు చెత్త ఇంటివారిది; కుండీలో పడినంతనే అది ఎవరిదియు కాదు. కొందరు కుండీ వరకు పోవు శ్రమకైనను ఓర్వక నాలుగడుగుల దూరమునుండియే సంచిని విసరుదురు. గురి తప్పినను వెనుదిరిగి చూడరు. కుండీ చుట్టును మోకాలిలోతు చెత్త, కుండీ మాత్రము సగము ఖాళీ! ఈ దృశ్యమును ఎరుగని పట్టణవాసి లేడు. మొదటి సంచి వెలుపల పడినది మొదలు, తరువాత వచ్చినవానికి దగ్గరకు పోవుటకు కాలు పెట్ట చోటుండదు. అతడును దూరమునుండియే విసరవలసి వచ్చును. ఉదయము ఒక్కడు చేసిన సోమరి పని సాయంకాలమునకు వీధి మొత్తమునకు పద్ధతియై కూర్చుండును.

దీనికి జనుల మురికితనమే కారణమనుట న్యాయము కాదు. అదే ఇంటివారు తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. వంటింటిలో మడి, పూజగదిలో శుచి. అయితే ఆ శుచి గడపతో ఆగిపోయినది. గడప ఆవలి మలినమును ఎత్తుటకు కొన్ని కులములవారిని తరతరములుగా నియమించి, ఆ పని చేయువారినే మలినమని దూరముంచిన సంఘము మనది. అస్పృశ్యతను 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము రద్దుచేసినది. ఆ పాత బుద్ధి చట్టపుస్తకమునుండి పోయినను, కుండీ దగ్గర ఇంకను కొంత మిగిలియున్నది. చెత్తను తన చేతితో ఎన్నడును ముట్టనివానికి, దానిని ప్రతిదినము ముట్టువాని వ్రేళ్ళు గుర్తుకు రావు.

వీధిలో పారవేయరాదను శాసనము మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదనీటితో దారికి అడ్డము కల్పించినవానికి నాలుగవ వంతు జరిమానా విధించినది. అదే తప్పు రాజమార్గములో చేసినచో జరిమానా రెట్టింపు. పారవేయరాదనుట ఒక ఎత్తు, ఎందులో ఎట్లు వేయవలెనో చెప్పుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనికి పేరుపొందినవాడు పారిసు నగరపు అధికారి యూజీన్ పుబెల్. అతడు 1883 నవంబరు 24 న ఒక ఉత్తరువు చేసెను. దాని ప్రకారము ప్రతి ఇంటి యజమానియు, తన ఇంటిలో కాపురమున్నవారి కొరకు మూతగల పెట్టెలను ఏర్పాటు చేయవలెను. ఒకటి కుళ్ళెడి పదార్థములకు, ఒకటి కాగితములకును గుడ్డలకును, మూడవది గాజుపెంకులకు, పింగాణీ ముక్కలకు, ఆలుచిప్పలకు. ఇంటి యజమానులు ఖర్చని గొణిగిరి. వీధికుప్పలలో చిత్తుగుడ్డలు ఏరుకొని బ్రతుకువారు తమ కూడు పోయినదని మొరపెట్టిరి. పత్రికలు పరిహాసముగా ఆ పెట్టెలకు అతని పేరే పెట్టినవి. పరిహాసము నిలిచినది; ఫ్రెంచివారు నేటికిని చెత్తకుండీని ‘పుబెల్’ అనియే పిలుతురు. ఇట్టి అమరత్వమును ఏ అధికారియు కోరుకొనడు గాని, పొందదగినవాడు మాత్రము అతడే.

ఆ మూడవ పెట్టెను గూర్చి ఒకింత ఆలోచింపవలెను. గాజును, పింగాణీని వేరుచేయుమనుటలో దాగిన సంగతి ఒకటి కలదు: పెట్టెలోనికి మరియొకరి చేయి పోవును. మన దేశములో 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు ఇండ్లవారిని మూడు విధములుగా చెత్తను వేరుచేయుమని శాసించినవి: తడి, పొడి, ఇంటిలోని హానికర పదార్థములు. వాడిన శానిటరీ నాప్కిన్లను, పసిపిల్లల డయపర్లను పొట్లము కట్టి ఇవ్వవలెనని కూడ వానిలో ఉన్నది. పారిసు ఉత్తరువునకును ఈ నియమములకును నడుమ 133 సంవత్సరములు గడచినవి. చేయి మాత్రము అదే చేయి.

తెల్లవారకముందే వీధిలోనికి వచ్చు పారిశుద్ధ్య కార్మికులలో స్త్రీలు అనేకులు. చీపురు, పార, తట్ట, తోపుడుబండి వారి సాధనములు. వారి తరువాత అమ్ముకొనదగిన సీసా, అట్ట, ఇనుపముక్క కొరకు చెత్త ఏరుకొనువారు వత్తురు. వీరిలో కొందరు పిల్లలు. ముడివేసిన సంచిలో ఏమున్నదో వీరికి కనబడదు, తడిమి తెలిసికొనవలసినదే. గడ్డము గీసికొని పారవేసిన బ్లేడు, మధుమేహ రోగి వాడిన ఇంజెక్షను సూది, విరిగిన గాజుగ్లాసు, పగిలిన ట్యూబులైటు, ఇవన్నియు నిన్నటి అన్నముతోను, కూర తొక్కులతోను కలిసి ఆ సంచిలో ఉండును. చేతొడుగు ఇచ్చిన చోటను సూది దానిని తేలికగానే దూరిపోవును. ట్యూబులైటులో పాదరసము కలదు. అది పగిలినచో ఆవిరి పీల్చినవారి ఊపిరితిత్తులలోనికి పోవును. ఇస్త్రీ బొగ్గుల బూడిదను, భోగిమంట నివురును చల్లారకుండ కుండీలో పోసినచో అందులోని కాగితము అంటుకొనును. ప్లాస్టిక్ డబ్బాయైనచో అదియు కరగి, ఆ పొగ వీధివారే పీల్చుకొందురు. కుండీ దగ్గర పాటింపదగిన మర్యాద యావత్తు ఇట్టి సంగతులనుండి పుట్టినదే: దగ్గరకు పోయి లోపల వేయుట, మూత వేయుట, నీరు ఓడ్చి వేయుట, నిండిన కుండీ ప్రక్కన సంచిని దింపిపోక ఇంటికి తిరిగి తెచ్చుకొనుట. ఈ చివరిది అన్నిటికంటె కష్టము. గడప దాటిన చెత్తను మరల గడప లోపలికి తెచ్చుటకు మనసొప్పదు.

ముడివేసిన సంచి మరియొక ప్రాణికిని ముప్పు. ఆవు ముడి విప్పలేదు. లోపలి అన్నపు వాసనకు సంచితో కూడ మ్రింగును. నెమరువేయు జంతువు మొదటి కడుపులో ఆ ప్లాస్టిక్ అరగదు, ముందుకు సాగదు. ఏండ్ల తరబడి పేరుకొని గట్టిముద్దయగును. నాడు అనంతపురము జిల్లాలో ఉండిన పుట్టపర్తిలో కరుణ సొసైటీ అను సంస్థవారు ఆవులకు శస్త్రచికిత్సలు చేయించి, ఒక్కొక్కదాని కడుపునుండి పదుల కిలోల ప్లాస్టిక్‌ను తీయించిరి. 2012 లో ఈ విషయమై సుప్రీముకోర్టువరకు పోయిరి. గోవునకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కు చేతులును, ముడిసంచిని విసరు చేతులును పెక్కు ఇండ్లలో వేరు కావు.

కుండీలలోను తారతమ్యము కలదు. బస్సు నిలుచు చోటను, ఉద్యానవనములలోను స్తంభమునకు వ్రేలాడు చిన్న డబ్బాలు బాటసారుల కొరకు ఏర్పడినవి. వేరుసెనగ తొక్కలు, టిక్కెట్టు ముక్క, అరటితొక్క వేయుటకే వానిలో చోటు. ఒక్క ఇంటి ఒక్కరోజు చెత్త పడినచో డబ్బా నిండిపోవును. ఆ దినమంతయు బాటసారులు నేలమీద వేయవలసినదే. తైవాను దేశపు తైపీ నగరములో బాటప్రక్కని డబ్బాలలో ఇంటి చెత్త వేసినవారికి జరిమానా విధింతురు. అక్కడ సాయంకాలము చెత్తబండి బీథోవెన్ పియానో గీతమును వాయించుచు వచ్చును. ఆ పాట వినబడగానే జనులు సంచులతో దిగివచ్చి, తమ చేతులతోనే బండిలో వేయుదురు. చెత్త నేలను తాకరాదనునది వారి సూత్రము.

ఇట్టి ప్రయత్నమునే నల్లగొండ జిల్లాలో ఉండిన సూర్యాపేట 2003 ప్రాంతమున చేసి దేశమంతట పేరుపొందినది. కమిషనరు ఖాదర్ సాహెబు కాలమున వీధికుండీలనే తొలగించిరి. ఇంటింటికి వెళ్ళి తడి చెత్తను, పొడి చెత్తను వేరువేరుగా తీసికొనిపోవు ఏర్పాటు జరిగినది. హైదరాబాదులో 2015 లో ఇంటింటికి రెండేసి బుట్టలు పంచిరి; ఆకుపచ్చనిది తడికి, నీలిది పొడికి. కుండీ పోయిన చోట మర్యాద దూరమును విడిచి కాలమునకు సంబంధించినదైనది: బండి వచ్చు వేళకు చెత్త సిద్ధముగా ఉండవలెను. ఆ వేళ తప్పినవారిలో కొందరు ఏమి చేయుదురో అందరకు తెలిసినదే. కుండీ ఉండిన మూలను జనులు మరువరు. రాత్రివేళ స్కూటరు ఆపకుండగనే అక్కడికి సంచి విసరి పోవుదురు. అందుచేత పురపాలకులు అట్టి మూలలను కడిగించి ముగ్గులు వేయింతురు, పూలకుండీలు పెట్టింతురు. కొందరు గృహస్థులు ప్రహరీగోడకు దేవతల బొమ్మలు గల పలకలు అతికింతురు. బొమ్మ ఉన్నంతమేర గోడ శుభ్రముగా ఉండును; బొమ్మలు ముగిసిన చోట కుప్ప మొదలగును.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగింపదగిన ఉదంతము న్యూయార్కు నగరమున జరిగినది. 1895 లో అక్కడి వీధుల శుభ్రతకు అధికారిగా వచ్చిన జార్జి వేరింగు ఊడ్చువారికి తెల్లని దుస్తులు ఇచ్చి, 1896 లో వారిచేత నగరవీథిలో కవాతు చేయించెను. అంతవరకు వారిని చూడనట్లే నడచిపోయిన పౌరులు ఆనాడు చప్పట్లు కొట్టిరి. పేదపేటలలో ఇతర దేశములనుండి వచ్చి స్థిరపడినవారు పెక్కుమంది. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు వచ్చును. కావున అతడు పిల్లల సంఘములు ఏర్పరచెను. బిళ్ళలు ధరించిన ఆ బాలబాలికలు బూడిదను, వంటింటి చెత్తను, చిత్తుకాగితములను వేరువేరుగా ఉంచవలెనని ఇంటిలో చెప్పిరి. వీధిలో కనబడిన తప్పులను అధికారికి వ్రాసిరి. పిల్లలచేత పెద్దలపై చాడీలు చెప్పించుట తగునా అను ప్రశ్న ఇక్కడ రాకపోదు. అయినను ఇంటిలో అమ్మకు చెప్పుట చాడీ కాదు గదా.

మన బడులలో దీనికి ఒక పాఠ్యగ్రంథము అక్కరలేదు. పగిలిన గ్లాసును పారవేయు విధమును ఒక గంటలో నేర్పవచ్చును. పెద్దముక్కలను చీపురుతో చేటలోనికి ఎత్తవలెను. సన్నని నలుసులను తడిగుడ్డతోనో, తడిపిన కాగితముతోనో అద్ది తీయవలెను. అన్నిటిని పాత దినపత్రికలో మూడు నాలుగు మడతలు చుట్టి, అట్టపెట్టెలో ఉంచి దారము కట్టవలెను. పైన ‘గాజు’ అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. బ్లేడులకు, సూదులకు మూతగల పాత డబ్బా ఒకటి చాలును. ఇక ఒక చిక్కు మిగులును: పెట్టెమీది అక్షరములను చదువలేని కార్మికురాలు ఉండవచ్చును. అప్పుడు ఆమె వచ్చు వేళకు గుమ్మములో నిలిచి, నోటితో చెప్పి, ఆ పెట్టెను విడిగా చేతికి ఇవ్వవలసి వచ్చును. “ఇందులో గాజున్నది అమ్మా, జాగ్రత్త” అను ఆ మాట చెప్పు పనిని పిల్లలకు అప్పగింపవచ్చును.