ఇటుక బట్టీ పక్కన మల్బరీ తోట ఉందా?
మా కోలారు పక్క బట్టీలు కాలినన్నాళ్లూ మేము పురుగును కనిపెట్టి చూస్తాం. మట్టి కాలేటప్పుడు ఫ్లోరైడ్ వాయువు లేస్తుంది. మల్బరీ ఆకు దాన్ని పీల్చి దాచుకుంటుంది, పైకి పచ్చగానే ఉంటుంది. అది తిన్న పురుగు మేత తగ్గిస్తుంది, చిన్నాపెద్దా అవుతుంది, కణుపుల దగ్గర నల్లని వలయాలు పడతాయి. చైనాలో జెజియాంగ్ రైతులు 1982లో ఇలాగే పంటలు పోగొట్టుకున్నారు.

గట్టు మీద నాలుగు గ్లాడియోలస్ పూలమొక్కలు నాటండి. ఈ గాలికి వాటి ఆకు కొసలు మాడతాయి. ఎండకీ మాడొచ్చు గనక, బట్టీకి దూరంగా ఇంకో నాలుగు నాటి పోల్చండి. తేడా కనబడితే బట్టీ వైపు ఆకు, అవతలి ఆకు వేరువేరు తట్టల్లో కొన్ని పురుగులకే మేపి చూడండి. వాన లేని రోజుల్లో మరీ జాగ్రత్త. తట్టెడు పురుగులు పోయినా పంటంతా నిలుస్తుంది.